మన్యం పాలన కథ – 9: గూడెం సభకు దక్కిన చట్టం

గత భాగంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా ముట్టడితో మొదలైన రెండేళ్ల పోరు గురించి చెప్పుకున్నాం. ఆ పోరులో అల్లూరి సీతారామరాజుకు అండగా నిలిచిన గాం సోదరుల్లో గంటందొర పోరులోనే నేలకొరిగాడు. తమ్ముడు మల్లుదొర పట్టుబడి అండమాన్ జైలుకు వెళ్లాడు. అక్కడితో ఆయన కథ ముగిసిందనే తెల్లదొరలు అనుకుని ఉంటారు.

1951–52లో స్వతంత్ర భారతం తొలి సాధారణ ఎన్నికలు జరుపుకుంది. విశాఖపట్నం అప్పట్లో ఇద్దరు సభ్యులను ఎన్నుకునే లోక్‌సభ నియోజకవర్గం. అక్కడి నుంచి ఇద్దరూ స్వతంత్ర అభ్యర్థులే గెలిచారు. ఒకరు ఆర్థికవేత్త లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. తిరుగుబాటు చేసిన ఫితూరీదారని ముద్ర వేసి సముద్రం దాటించిన కొండమనిషి దేశపు తొలి లోక్‌సభలో సభ్యుడిగా కూర్చున్నాడు. మన్యం చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు వెతికినా దొరకదు.

మన్యం మనిషి పార్లమెంటుకు వెళ్లాడు. మరి పార్లమెంటు మన్యానికి ఎప్పుడు వచ్చింది? వచ్చి ఏమిచ్చింది? ఇచ్చింది గూడెం దాకా చేరిందా? ఈ భాగంలో ఆ కథ చెప్పుకుందాం.

గవర్నరు చేతిలో కొండలు

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1839 నాటి 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి, మామూలు రెవెన్యూ నిబంధనల నుంచి తప్పించారని మూడో భాగంలో చూశాం. జిల్లా కలెక్టరే గవర్నరుకు ఏజెంటు. తీర్పు ఆయనదే, పోలీసు ఆయనదే, శిస్తు ఆయనదే. 1919 చట్టం వచ్చినా, 1935 చట్టం వచ్చినా ఈ ఏర్పాటు మూలం మారలేదు. శాసనసభలు చేసిన చట్టం కొండ ఎక్కాలంటే గవర్నరు అనుమతి కావాలి.

రాజ్యాంగ సభలో ఈ విషయం మీద గట్టి వాదనే జరిగింది. 1946 డిసెంబరులో లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ ఛోటానాగ్‌పూర్ ముండా నాయకుడు జైపాల్ సింగ్ ఒక మాట స్పష్టంగా చెప్పారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పే పని మీరు పెట్టుకోవద్దు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్నది దాని సారం. గూడెం పెద్దలు నలుగురి ఎదుట కూర్చుని తగవు తీర్చే పద్ధతి ఎరిగిన వాళ్లకు ఆ మాటలో అతిశయోక్తి కనిపించదు.

1948 ముసాయిదా రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూలు కొంత బలంగానే ఉండేది. ఫలానా చట్టం మా ప్రాంతానికి వద్దని గిరిజన సలహా మండలి చెబితే గవర్నరు దాన్ని పాటించాల్సిందే. 1949 సెప్టెంబరు 5న సభ ముందుకొచ్చిన కొత్త పాఠంలో ఆ బలం పోయింది. మండలి పని సలహా ఇవ్వడమే అయింది, నిర్ణయం గవర్నరుకు మిగిలింది. కోరలు పీకేశారని జైపాల్ సింగ్ అభ్యంతరం చెప్పినా ఫలితం లేకపోయింది. ఇప్పటికీ అమల్లో ఉన్నది ఆ రెండో పాఠమే. మండలిలో ఇరవై మందికి మించకూడదు, అందులో నాలుగింట మూడు వంతులు గిరిజన ఎమ్మెల్యేలు ఉండాలి. గవర్నరు ఏటా రాష్ట్రపతికి షెడ్యూల్డు ప్రాంతాల పాలన మీద నివేదిక పంపాలి.

ఈ అధికారం మంచికి ఉపయోగపడిన సందర్భాలు లేకపోలేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ గవర్నరు అధికారంతో పుట్టినవే. మన్యంలో చదువు రానివాళ్లు కూడా 'వన్ ఆఫ్ సెవెంటీ' అని నోటితో చెప్పే చట్టం అదే. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదనీ, గిరిజనేతరుడు తన చేతిలోని భూమిని మరో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదనీ అది తేల్చి చెప్పింది. మైదానం నుంచి వచ్చే వడ్డీవ్యాపారికి, భూమి బేరగాడికి ఎదురుగా కొండలకు దొరికిన మొదటి గట్టి గోడ అది. కానీ ఆ గోడ కట్టాలో వద్దో తేల్చింది ఎవరు? హైదరాబాదు. గూడెం నోరు తెరవకుండానే గూడేనికి మేలు జరిగింది. గూడెం నోరు తెరవకుండా మేలు చేయగల చెయ్యి అదే తీరులో కీడూ చేయగలదు.

నాయుడు, బారికి, దిసారి

ఆ రోజుల్లో అరకు చుట్టుపక్కల ఊరంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. గట్టు వాలులో ముప్ఫై నలభై ఇళ్లు, రెండు వరసలు, మధ్యన బాట. ఊరికి ఒక నాయుడు, అంటే పెద్ద. ఆయన కబురు ఇంటింటికీ చేరవేసేవాడు బారికి. విత్తనం ఎప్పుడు వేయాలో, చైత్రంలో ఇటుకల పండగ ఏ రోజు మొదలవ్వాలో చెప్పేవాడు దిసారి. గదబల ఊళ్లలో నడిమధ్య రాళ్లు పేర్చిన చోటు ఉంటుంది. తగవు వచ్చినప్పుడు పెద్దలు కూర్చునేది అక్కడే.

పొలం గట్టు దగ్గర తగవు వచ్చిందనుకోండి. బారికి కేక వేస్తాడు. ఇరుపక్షాల వాళ్లూ వస్తారు, ఊరూ వస్తుంది. ఒకరు చెప్పింది పూర్తయ్యేదాకా రెండోవారు ఆగాలి. ముసలివాళ్లు ఆ గట్టు ఎవరి తాత వేశాడో గుర్తు చేస్తారు. చివరికి తప్పు ఎవరిదో తేలితే ఆ మనిషి 'తప్పు', అంటే జరిమానా, కట్టాలి. దాంతో అందరూ కలిసి తిని లేస్తారు. రాసుకున్న కాగితం ఉండదు. తీర్పు విన్న ఊరే దానికి సాక్షి, ఊరే దాన్ని అమలు చేస్తుంది. ఈ పద్ధతిలో లోపాలు లేవని నేను అనను. ఆడవాళ్ల మాటకు దక్కాల్సిన విలువ చాలా ఊళ్లలో దక్కలేదు. అయినా నిర్ణయం వల్ల లాభమో నష్టమో పొందేవాళ్లు అందరూ ఎదురుగా కూర్చుని ఆ నిర్ణయం చేసేవాళ్లు.

స్వతంత్రం వచ్చాక ఆ ఊరి మీదికి ఒకదాని వెంట ఒకటి వ్యవస్థలు వచ్చాయి. 1956లో దేశమంతటా తెరిచిన 43 ప్రత్యేక బహుళార్థ గిరిజన బ్లాకుల్లో అరకు ఒకటి. అదే ఏడు గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1969లో, కొండ ఊళ్ల శిస్తు వసూలును ముఠాదారుల చేతిలో పెట్టిన ముఠాదారీ పద్ధతి రద్దయింది. డెబ్భైల్లో పాడేరులో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వెలసింది. 1979 నిబంధనతో చింతపండు, అడ్డాకులు, కరక్కాయ లాంటి అటవీ ఫలసాయం కొనే గుత్తాధికారం సహకార సంస్థకు దక్కింది. దళారుల తూకం మోసాల నుంచి కాపాడాలన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ చెట్టెక్కి కాయ రాల్చిన మనిషికి ధర చెప్పే హక్కు మాత్రం రాలేదు.

పంచాయతీలు వచ్చాక పది, పదిహేను గూడేలను కలిపి ఒక పంచాయతీ అన్నారు. మైదానంలో పంచాయతీ అంటే ఒకే ఊరు, ఒకే రచ్చబండ. ఇక్కడ ఒక గూడేనికీ ఇంకో గూడేనికీ మధ్య గెడ్డ ఉంటుంది, కొండ ఉంటుంది. గ్రామసభ పెట్టేది పంచాయతీ కేంద్రంలో. పై గూడెం మనిషి ఆ సభకు రావాలంటే ఆ రోజు కూలి వదులుకుని, కొండ దిగి, మళ్లీ ఎక్కాలి. చాలాసార్లు సభ జరిగిన సంగతి హాజరు పుస్తకంలో వేలిముద్ర వేయమన్నప్పుడే తెలిసేది.

1996 డిసెంబరు 24

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దేశమంతా పంచాయతీలకు రాజ్యాంగ హోదా వచ్చినా ఐదో షెడ్యూలు ప్రాంతాలకు మాత్రం 243ఎం అధికరణం ఆ సవరణను ఆపింది. కొండల పరిస్థితి వేరు కాబట్టి తగిన మార్పులతో పార్లమెంటే విడిగా చట్టం చేయవచ్చని అందులో వెసులుబాటు ఉంచారు. ఆ మార్పులు ఎలా ఉండాలో చెప్పమని 1994లో మధ్యప్రదేశ్ ఎంపీ దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన కమిటీ వేశారు. 1995లో నివేదిక వచ్చింది. మాజీ ఐఏఎస్ అధికారి బి.డి.శర్మ లాంటివాళ్లు 'మా ఊళ్లో మా రాజ్యం' అనే నినాదంతో ఊరూరా తిరిగారు. దేవెగౌడ ప్రధానిగా ఉన్న కాలంలో పార్లమెంటు 'పెసా', అంటే షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం చేసింది. 1996 డిసెంబరు 24న దానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది.

ఇది చాలా పొట్టి చట్టం, అయిదే సెక్షన్లు. కానీ నాలుగో సెక్షను చదివితే ఆశ్చర్యం వేస్తుంది. రాష్ట్రాల శాసనసభలు ఫలానా సూత్రాలకు విరుద్ధంగా చట్టం చేయడానికి వీల్లేదని పార్లమెంటు అందులో శాసించింది. ఊరంటే రెవెన్యూ రికార్డులో ఉన్నది కాదు. ఆచార సంప్రదాయాల ప్రకారం తమ వ్యవహారాలు తామే చూసుకునే జనం ఉన్న గూడెం, లేదా గూడేల గుంపు. అలాంటి ప్రతి ఊరికీ ఒక గ్రామసభ. తమ ఆచారాలను, తగవు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అర్హత ఆ సభకు ఉంది. పథకాల లబ్ధిదారులను ఎంపిక చేసేది ఆ సభ. పంచాయతీ ఖర్చు చేసిన డబ్బుకు ధ్రువపత్రం ఇచ్చేదీ అదే. భూసేకరణకు ముందు సంప్రదించాలి. చిన్నతరహా ఖనిజాల లీజులకు ముందుగా సిఫారసు కావాలి. మద్యం, అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, వారపు సంత, వడ్డీవ్యాపారం, అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించడం, ఇవన్నీ గ్రామసభ, పంచాయతీల చేతికి రావాలి. పై స్థాయి సంస్థలు కింది స్థాయి అధికారాన్ని లాక్కోకుండా రక్షణలు ఉండాలి. జిల్లా స్థాయిలో ఈశాన్యంలోని ఆరో షెడ్యూలు స్వయంపాలిత మండళ్ల నమూనా పాటించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలి.

1839 నుంచి కలెక్టరు, గవర్నరు, మంత్రి చేతుల్లో తిరిగిన అధికారం నేరుగా గూడెం చేతికి వెళ్లాలని దేశపు అత్యున్నత సభ చెప్పడం అదే మొదటిసారి.

నిమ్మలపాడు గెలిచింది

పెసా వచ్చిన ఏడు నెలలకే సుప్రీంకోర్టు నుంచి ఇంకో పెద్ద మాట వచ్చింది. అరకు వెళ్లే రైలు బొర్రా గుహల దగ్గర ఆగుతుంది. అక్కడికి దగ్గర్లోనే, అనంతగిరి మండలంలో, నిమ్మలపాడు. బొర్రా చుట్టుపక్కల 14 ఊళ్ల పరిధిలో ప్రైవేటు కంపెనీలకు ఖనిజ లీజులు ఇచ్చారు. గిరిజనుల సాగు భూములు కూడా అందులో పోయాయి. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకు వెళ్లింది. 1995లో అక్కడ ఓడిపోయింది. 1997 జులై 11న సుప్రీంకోర్టులో గెలిచింది.

జస్టిస్ కె.రామస్వామి, జస్టిస్ ఎస్.సగీర్ అహ్మద్ ఒక వైపు, జస్టిస్ జి.బి.పట్నాయక్ భిన్నాభిప్రాయంతో ఇంకో వైపు. మెజారిటీ తీర్పు సారం ఇది: వన్ ఆఫ్ సెవెంటీ చట్టంలో భూమి బదలాయించకూడని 'వ్యక్తి' అంటే అందులో ప్రభుత్వం కూడా చేరుతుంది. కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదు. తవ్వితే రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘాలు తవ్వాలి. వచ్చే లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలి. దేశంలోని ఆదివాసీ ప్రాంతాలన్నీ నేటికీ ఉదాహరించే తీర్పు మన మన్యంలోని ఒక చిన్న ఊరి పొలాల నుంచి పుట్టింది.

మధ్య మెట్టు మీద ఆగిన అధికారం

పెసాకు తగ్గట్టు చట్టాలు సవరించుకోవడానికి రాష్ట్రాలకు పార్లమెంటు ఏడాది గడువు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించింది. అసలు చిక్కు అక్కడే వచ్చి పడింది. కేంద్ర చట్టం చాలా చోట్ల గ్రామసభకు గానీ తగిన స్థాయి పంచాయతీకి గానీ అధికారం ఇవ్వాలంది. ఎవరికివ్వాలో రాష్ట్రం ఎంచుకోవచ్చు. భూసేకరణ విషయంలో మన రాష్ట్రం మండల పరిషత్తును ఎంచుకుంది. గూడెం భూమి పోతుంటే అడగాల్సింది మండల కేంద్రంలో కూర్చున్నవాళ్లను. మిగిలిన అధికారాల్లో చాలావాటికి 'నిర్దేశించిన రీతిలో' అని తగిలించారు. నిర్దేశించే నియమాలు 2011 మార్చి 24న గానీ రాలేదు. పార్లమెంటు చట్టం చేసిన నాటి నుంచి లెక్కిస్తే పద్నాలుగేళ్లు దాటింది. గూడెం స్థాయిలో గ్రామసభ, ఊరివాళ్లు ఎన్నుకునే ఉపాధ్యక్షుడు, కార్యదర్శి అనే ఏర్పాటు ఆ నియమాలతోనే వచ్చింది.

చట్టానికీ నియమాలకూ నడుమ గడిచిన ఈ కాలంలోనే బాక్సైట్ ఒప్పందాలు వచ్చాయి. అరకు పక్కన గాలికొండ, రక్తకొండ, చింతపల్లి వైపు జెర్రెల. ఈ కొండల నెత్తిన బాక్సైట్ పొర ఉంది. వాన నీటిని పీల్చుకుని ఏడాదంతా ఊటలకు, గెడ్డలకు వదిలే కొండలు కూడా ఇవే. వాటి వాలుల్లోనే కాఫీ, మిరియాలు పండుతాయి. 2005 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలతో అవగాహన ఒప్పందాలు చేసుకుంది. తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఖనిజాన్ని అల్యూమినాగా మార్చుకునేది ప్రైవేటు కంపెనీ. సమత తీర్పు అక్షరానికి లొంగుతూ దాని ఆత్మను తప్పించుకునే దారి అది. గూడేలు అడ్డం తిరిగాయి.

2009లో కొత్తగా ఏర్పడిన అరకు లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ 2011లో కేంద్ర గిరిజన వ్యవహారాల, పంచాయతీరాజ్ మంత్రి అయ్యారు. మన్యం ప్రతినిధికి ఢిల్లీలో ఇంతకన్నా తగిన కుర్చీ ఉండదు. అయినా 2012లో ఆయన చేయగలిగిందేమిటి? ఐదో షెడ్యూలు అధికారం వాడి ఆ ఒప్పందాలు రద్దు చేయమని రాష్ట్ర గవర్నరుకు లేఖ రాయడం. కేంద్రమంత్రి రాసిన ఆ లేఖతో కూడా పని కాలేదు. 2015 నవంబరులో చింతపల్లి అడవిలో తవ్వకానికి జీవో 97 వచ్చింది. మన్యమంతా భగ్గుమంది. అమలు ఆగింది, 2019లో జీవో రద్దయింది. కొండలు నిలిచాయి. జనం రోడ్డెక్కారు కాబట్టి నిలిచాయి. చట్టం ప్రకారం గూడెం సభ 'వద్దు' అన్నందుకు కాదు.

అదే తూర్పు కనుమల్లో, సరిహద్దు అవతల, ఇంకోలా జరిగింది. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల నియమగిరిలో బాక్సైట్ తవ్వకం మీద నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది సుప్రీంకోర్టు. ఆ తీర్పు 2013 ఏప్రిల్ 18న వచ్చింది. జిల్లా జడ్జి సమక్షంలో 12 ఊళ్లలో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, ఇతర గిరిజనులు ఒక్కొక్కరే లేచి తమ మాట చెప్పారు. 12కు 12 సభలూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. లాఠీ లేదు, జీవో లేదు. ఊరిని అడిగారు, ఊరు చెప్పింది, రాజ్యం విన్నది.

ఇప్పుడు చేయాల్సింది

గవర్నరు ఉత్తర్వుల మీద ఆధారపడిన రక్షణ ఎంత పలచనో 2020 ఏప్రిల్ 22న మళ్లీ తెలిసింది. షెడ్యూల్డు ప్రాంత బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషను సమానత్వ హక్కుకు విరుద్ధమన్నది న్యాయస్థానం మాట. వర్షాకాలంలో దారి తెగే గూడెంలో, ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లవాడికి పాఠం చెప్పే టీచరు ఎవరు కావాలన్నది ఆ గూడేన్ని ఎవరూ అడగలేదు. జీవో ఇచ్చినప్పుడూ అడగలేదు, పోయినప్పుడూ అడగలేదు.

అందుకే నేను చెప్పదలచింది ఒకటే. మన్యానికి అధికారం రావాలంటే మరమ్మతు పార్లమెంటులో మొదలవ్వాలి. అది అసాధ్యమైన పని కూడా కాదు. ఐదో షెడ్యూలులోని ఏడో పేరా ప్రకారం ఆ షెడ్యూలును పార్లమెంటు మామూలు చట్టంతో మార్చవచ్చు. దాన్ని రాజ్యాంగ సవరణగా పరిగణించనక్కర్లేదు. మూడింట రెండు వంతుల మెజారిటీ అవసరం లేదు.

మొదటి మార్పు. గవర్నరు రాష్ట్రపతికి పంపే నివేదికను పార్లమెంటు ముందు పెట్టాలన్న నియమం షెడ్యూలులో లేదు. జాతీయ గిరిజన కమిషన్ నివేదికకు ఆ నియమం ఉంది. దీనికీ పెట్టాలి. ఏటా ఒక రోజు సభ దాని మీద చర్చించాలి. ఏ గూడెంలో సభ జరిగింది, ఎక్కడ భూమి పోయింది, ఎవరిని అడిగారు అన్నవి అందులో ఉండాలి.

రెండోది. 1949లో తీసేసిన బలాన్ని గిరిజన సలహా మండలికి తిరిగి ఇవ్వాలి. వద్దని మండలి చెబితే గవర్నరు వినాలి.

మూడోది. పెసాలో భూసేకరణకు సంప్రదింపు కాదు, సమ్మతి అని రాయాలి. ఆ సమ్మతి ఇచ్చేది గూడెం సభ అని తేల్చాలి. మండల పరిషత్తుకు మళ్లించే వీలు రాష్ట్రానికి ఉండకూడదు.

నాలుగోది ఎంపీకి సంబంధించింది. అరకు లోక్‌సభ స్థానం ఉత్తరాన పాలకొండ నుంచి దక్షిణాన రంపచోడవరం దాకా ఏడు అసెంబ్లీ స్థానాల మేర పరుచుకుంది. ఇంత మన్యానికి ఢిల్లీలో ఒక్క గొంతు. 1985 నాటి ఫిరాయింపుల నిషేధ చట్టం వల్ల ఆ గొంతు పార్టీ విప్‌కు కట్టుబడాలి. ధిక్కరించి ఓటేస్తే సీటే పోవచ్చు. స్వతంత్రుడిగా గెలిచిన మల్లుదొరకు ఆ కట్టు లేదు. ప్రభుత్వం నిలవడానికీ పడిపోవడానికీ సంబంధం లేని ఐదో షెడ్యూలు బిల్లుల మీద, భూమి, అడవి, ఖనిజాల బిల్లుల మీద గిరిజన స్థానాల ఎంపీలకు విప్ నుంచి మినహాయింపు ఇవ్వాలి.

ఇందులో ఒక్కటీ కొత్తది కాదు. ఒకటి 1948 ముసాయిదాలో ఉన్నది. ఒకటి నియమగిరిలో చేసి చూపించింది. ఒకటి గిరిజన కమిషన్ విషయంలో పార్లమెంటు ఇప్పటికే పాటిస్తున్నది. ఒకటి తొలి లోక్‌సభలో మల్లుదొరకు ఉన్న స్వేచ్ఛ. చేయవలసిన సభ ఉంది, చేసే అధికారం దానికి ఉంది. మన్యం ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఈ నాలుగింటి మీద మాట ఇమ్మని గూడెం సభలు తీర్మానం చేసి అడగాలి. ఆ తీర్మానం చేయడానికి ఎవరి నియమాలూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

(వచ్చే భాగం: పోడు భూమికి పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం మన్యంలో ఎలా అమలైంది?)